పాత ఆటోమేటిక్ కారు అంత చవకగా ఎందుకు వస్తున్నది?

యానాం నుండి సుంకరపాలెం వైపు నాలుగడుగులు వేస్తే పాలన మారిపోతుంది. రోడ్డు అదే, భాష అదే, బంధువులూ వారే. మారేది వాహనానికి తగిలించిన నంబరు పలక మాత్రమే. ఇటు పి.వై. 04, అటు ఏ.పి. 05, 2019 తరువాతి బండ్లకైతే ఏ.పి. 39. పెట్రోలు కోసం అటువారు ఇటు రావడం, పెళ్ళిళ్ళకు ఇటువారు అటు పోవడం ఎంత మామూలో, పాత కార్లు సరిహద్దు దాటి చేతులు మారడం కూడా అంత మామూలే.

మన పల్లెల్లో కారు కొనడం ఇప్పటికీ చిన్న విషయం కాదు. రొయ్యల చెరువు కలిసి వచ్చిన ఏడాదో, గల్ఫు నుండి అబ్బాయి డబ్బు పంపిన నెలలోనో ఆ మాట ఇంట్లో మొదలవుతుంది. కొత్త కారుకు చాలని సొమ్ము పాత కారుకు సరిపోతుంది. బేరానికి వెళ్ళినప్పుడు మనవారు రంగు చూస్తారు, టైర్లు చూస్తారు, ఏ.సి. చల్లగా వస్తున్నదో లేదో చూస్తారు, మీటరులో కిలోమీటర్లు చూసి పెదవి విరుస్తారు. బానెట్ ఎత్తించి ఇంజను చప్పుడు వింటారు. ఇంజనుకూ చక్రానికీ నడుమ ఉన్న యంత్రాంగాన్ని గురించి అడిగేవారు మాత్రం అరుదు. క్లచ్, గేరు బాక్సు, యాక్సిళ్ళు అందులోనివే. పాత కారులో పెద్ద ఖర్చు తరచు అక్కడే దాగి ఉంటుంది.

ఇందుకు ఉదాహరణగా ఒక కారును తీసుకుందాం. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఎత్తుగా, గట్టిగా కనిపించే బండి. ఏటిగట్టు రోడ్ల మీద అడుగు తగలదు. వెనుక తలుపుకు టైరు తగిలించి ఉండటం వలన చూడటానికి ఠీవిగా ఉంటుంది. పాత కార్ల బజారులో దీని ఆటోమేటిక్ రకం, ఆ వయసు కారుకు మనం ఊహించే ధర కంటే తక్కువకు దొరికితే సంతోషించనివారు ఉండరు. ఎందుకింత తక్కువ అని అడిగితే అమ్మేవారి దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది: కంపెనీ మూసేశారండీ, అందుకే రేటు పడిపోయింది.

అందులో నిజం లేకపోలేదు. ఫోర్డ్ సంస్థ మన దేశంలో కార్ల తయారీని నిలిపివేస్తున్నట్లు 2021 సెప్టెంబరు 9న ప్రకటించింది. గుజరాత్‌లోని సానంద్ కర్మాగారాన్ని తరువాత టాటా వారు తీసుకున్నారు. తయారీ ఆగిన కారంటే కొనేవారికి బెరుకు ఉండటం సహజం. కాని ఆ ప్రకటనకు చాలా ముందు నుంచే, ప్రపంచమంతటా ఈ సంస్థ ఆటోమేటిక్ కార్లలో ఒక రకంపై యజమానుల ఫిర్యాదులు గుట్టలుగా పడి ఉన్నాయి. ఆ గేరు బాక్సుకు సంస్థ పెట్టుకున్న పేరు పవర్‌షిఫ్ట్. ఈ వారం చెప్పబోయేది ఆ కథే.

రెండు క్లచ్‌ల గేరు బాక్సు

ముందు క్లచ్ సంగతి. ఇంజను ఆగకుండా తిరుగుతూనే ఉండాలి, చక్రం మాత్రం అవసరమైనప్పుడు ఆగాలి. ఈ రెండింటినీ కలపడానికీ, విడదీయడానికీ నడుమ ఉన్న పళ్ళెం వంటి పరికరమే క్లచ్ ప్లేటు. దానికి రెండు వైపులా రాపిడి పూత ఉంటుంది. కారు కదిలే మొదటి క్షణాలలో ఈ పళ్ళెం కొంత జారుతుంది, కొంత పట్టుకుంటుంది. ఆ జారడంలోనే వేడి పుడుతుంది, అరుగుదల కూడా అప్పుడే జరుగుతుంది. పూర్తిగా పట్టుకున్న తరువాత వంద కిలోమీటర్లు పోయినా అది అరిగేది అత్యల్పం.

మామూలు కారులో ఈ పని మన ఎడమ కాలు చేస్తుంది. ఆటోమేటిక్ కార్లలో దానిని చేసే పద్ధతులు పలు రకాలు. పాతకాలం నుండి ఉన్న పద్ధతిలో పళ్ళెం బదులు ఆయిలు పనిచేస్తుంది. రెండు ఫ్యానులు ఎదురెదురుగా పెట్టి ఒకదానిని తిప్పితే ఆ గాలికి రెండవది కూడా తిరిగినట్లు, ఇంజను వైపు రెక్కలు ఆయిలును తోస్తే గేరు బాక్సు వైపు రెక్కలు తిరుగుతాయి. దీనిని టార్క్ కన్వర్టర్ అంటారు. కదిలే క్షణంలో రాపిడి పూత లేదు గనుక ట్రాఫిక్‌లో నెమ్మదిగా పాకినా అరిగేదేమీ ఉండదు. కొంత మైలేజీ మాత్రం తగ్గుతుంది.

మారుతి వారు 2014లో సెలెరియోతో తెచ్చిన పద్ధతి వేరు. మామూలు గేరు బాక్సునే ఉంచి, కాలితోను చేతితోను చేసే పనిని చిన్న యంత్రానికి అప్పగించారు. ఏ.ఎం.టి. అని మనం వినేది ఇదే. గేరు మారినప్పుడు తల కొద్దిగా ముందుకు ఊగడం దాని స్వభావం, దానిని జబ్బు అనుకోనక్కరలేదు.

మూడవది రెండు క్లచ్‌ల పద్ధతి. ఒక క్లచ్ 1, 3, 5 గేర్లను చూసుకుంటుంది. రెండవది 2, 4, 6 గేర్లను చూసుకుంటుంది. మొదటి గేరులో కారు పోతుండగానే రెండవ గేరు సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదలడం, ఇంకొకటి పట్టడం ఒకేసారి జరిగిపోతాయి. కుదుపు తెలియదు, మైలేజీ కూడా బాగుంటుంది. కాగితం మీద ఇంత చక్కని ఏర్పాటు మరొకటి లేదు. పవర్‌షిఫ్ట్ ఈ జాతిదే. అయితే ఫోర్డ్ చిన్న కార్లలో అమర్చిన దానిలో క్లచ్ ప్లేట్లు ఆయిలులో మునిగి ఉండవు, పొడిగా ఉంటాయి. ఆయిలులో ఉంటే వేడిని ఆయిలు లాగేస్తుంది. పొడి ప్లేట్లకు గాలి తప్ప దిక్కు లేదు. అందువలన హైవే మీద హాయిగా పోయే ఈ పెట్టె, సంత రోజున జనం మధ్య అంగుళం అంగుళం జరగవలసి వస్తే ఇబ్బంది పడుతుంది.

యజమానులు చెప్పినవి

అమెరికాలో 2011 నుండి 2016 వరకు వచ్చిన ఫియెస్టా, 2012 నుండి 2016 వరకు వచ్చిన ఫోకస్ కార్లలో ఈ గేరు బాక్సు ఉంది. వాటి యజమానులు చెప్పిన మాటలు ఏ ఊరివారివైనా ఒకే తీరుగా ఉన్నాయి. సిగ్నలు దగ్గర ఆగి బయలుదేరేటప్పుడు కారు వణుకుతుంది. మొదటి గేరు నుండి రెండవ గేరుకు పోయేటప్పుడు రాళ్ళ మీద బండి లాగినట్లు దడదడ వస్తుంది. యాక్సిలరేటర్ నొక్కినా ఒక క్షణం ఏమీ జరగదు, తరువాత ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఎత్తు మీద వెనక్కు జారుతుంది. కొందరికి నడిరోడ్డు మీద గేరు తెగిపోయి, ఇంజను అరుస్తున్నా కారు కదలలేదు.

ఈ లక్షణాల వెనుక కారణం ఒక్కటే కాదు. గేరు బాక్సులోకి పోయే ఇరుసు దగ్గర ఆయిల్ సీలు సరిగా ఆపక, ఆయిలు చెమ్మ పొడి క్లచ్ ప్లేట్ల మీదికి చేరింది. అరిగిన బ్రేకు లైనర్ మీద నూనె పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అది ఒకచోట జారుతుంది, మరొకచోట పట్టుకుంటుంది. వణుకు అక్కడిది. ఇది కాక, క్లచ్‌లను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె గేరు బాక్సుకే బిగించి ఉంటుంది. దానిని మెకానిక్కులు టి.సి.ఎం. అంటారు. అది పాడైతే వణుకుతో పోదు. కారు స్టార్టు కాకపోవచ్చు, పోతూ పోతూ శక్తి కోల్పోవచ్చు. అందువలన వణుకు ఒక జబ్బు, గేరు తెగిపోవడం ఇంకొక జబ్బు. ఒకటి బాగుచేసిన బిల్లు చూపించి రెండూ బాగైనట్లు చెప్పేవారు ఉంటారు, అక్కడ జాగ్రత్త.

అమెరికాలో ఫోర్డ్ 2014లో ఆ కార్లకు వారంటీ పొడిగించవలసి వచ్చింది. క్లచ్‌కూ సీళ్ళకూ 7 సంవత్సరాలు లేదా లక్ష మైళ్ళు, టి.సి.ఎం.కు 10 సంవత్సరాలు లేదా లక్షన్నర మైళ్ళు. అంటే సుమారు 1,60,000 కిలోమీటర్లు, 2,40,000 కిలోమీటర్లు. యజమానులు కలిసి వేసిన దావాలో ఒప్పందానికి న్యాయస్థానం 2020లో ఆమోదం తెలిపింది. చదువుకు వెళ్ళిన మన పిల్లలు అక్కడ పాత ఫోకస్ ఆటోమేటిక్ చవకగా దొరికిందని ఫోన్ చేస్తే, ఏ సంవత్సరపు బండి అని ఇక్కడి నుంచే అడగవచ్చు.

ఆస్ట్రేలియాలో జరిగినది ఇంకా చెప్పుకోదగినది. అక్కడ ఈ గేరు బాక్సుతో ఫోకస్, ఫియెస్టా, ఎకోస్పోర్ట్ కలిపి సుమారు 70,000 కార్లు అమ్ముడయ్యాయి. వాటిలో దాదాపు సగం కనీసం ఒకసారి ఈ గేరు బాక్సు మరమ్మతుకు వచ్చాయి. వణుకు కారులోని లోపానికి లక్షణమని తెలిసి కూడా, అది నడిపేవారి డ్రైవింగ్ తీరు వలన వచ్చినదని కొనుగోలుదారులకు తరచు చెప్పినట్లు అక్కడి వినియోగదారుల సంస్థ కేసులో తేలింది. 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు ఫోర్డ్ ఆస్ట్రేలియాపై కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది.

తప్పు మీ కాలిదే అన్న మాట మనకు కొత్త కాదు. మోటారు బోరు కాలిపోయినా, ఫోను చెడిపోయినా దుకాణంలో మొదట వినిపించేది అదే. ఒక్క యజమాని చెబితే అది డ్రైవింగ్ తీరు అవుతుంది. పదివేలమంది వేర్వేరు ఊళ్ళ నుండి ఒకే మాట చెబితే అది సాక్ష్యం అవుతుంది. మన దేశంలో కూడా ఈ తర్కానికి చట్టంలో చోటు దొరికింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నియమాలతో, 7 సంవత్సరాల లోపు వాహనాలలో భద్రతకు సంబంధించిన లోపంపై తగినన్ని ఫిర్యాదులు వస్తే తయారీదారుచేత వెనక్కు పిలిపించే అధికారం ప్రభుత్వానికి ఉంది. మనం పాత బజారులో చూసే పవర్‌షిఫ్ట్ బండ్లు ఆ వయసు దాటిపోయినవి గనుక వాటికి ఈ నియమం అక్కరకు రాదు.

ఇది ఫోర్డ్‌కు మాత్రమే పరిమితమైన గొడవ అని కూడా అనుకోవద్దు. వోక్స్‌వ్యాగన్ వారి ఏడు గేర్ల పొడి క్లచ్ పెట్టెపై చైనా టెలివిజన్ 2013 మార్చిలో కార్యక్రమం ప్రసారం చేసిన తరువాత, ఆ సంస్థ అక్కడ 3,84,181 కార్లను వెనక్కు పిలిచింది. మన దేశంలో కొన్ని పోలో, వెంటో పెట్రోలు టర్బో ఆటోమేటిక్‌లలో వచ్చినది ఆ జాతి గేరు బాక్సే.

ఏ బండిలో ఉంది, ఏ బండిలో లేదు

ఇక్కడ కొనేవారు తప్పక తెలుసుకోవలసిన తేడా ఒకటి ఉంది. ఎకోస్పోర్ట్ మన దేశంలో 2013 జూన్‌లో విడుదలైంది. అప్పటి 1.5 లీటర్ల పెట్రోలు ఆటోమేటిక్‌లో ఉన్నది రెండు క్లచ్‌ల పవర్‌షిఫ్ట్. 2017 నవంబరులో ముఖం మార్చి వచ్చిన ఎకోస్పోర్ట్‌లో ఇంజనూ మారింది, గేరు బాక్సూ మారింది. కొత్త దానిలో మూడు సిలిండర్ల ఇంజను, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. పైన చెప్పిన కథ ఈ రెండవ దానికి వర్తించదు. బయట నుండి చూసేవారికి రెండూ ఎకోస్పోర్ట్ ఆటోమేటిక్‌లే. కాగితంలో 2018 అని ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవద్దు. 2017లో తయారై, షోరూములో నిలిచి, మరుసటి ఏడాది రిజిస్ట్రేషన్ అయిన బండి కావచ్చు. ఆర్.సి.లో తయారైన నెల వేరుగా ఉంటుంది, అది చూడాలి. ఇంజను సిలిండర్లు నాలుగా మూడా అని మెకానిక్‌ను అడిగితే సందేహం అక్కడికక్కడే తీరిపోతుంది.

2012లో వచ్చిన ఫియెస్టా సెడాన్ ఆటోమేటిక్‌లోను, 2015లో వచ్చిన ఫిగో, ఆస్పైర్ 1.5 పెట్రోలు ఆటోమేటిక్‌లలోను రెండు క్లచ్‌లే ఉన్నాయి. డీజిల్ ఎకోస్పోర్ట్‌కూ, చేతి గేర్ల పెట్రోలు రకానికీ ఈ బెడద లేదు. చేతి గేర్ల డీజిల్ బండిని ఈ కథ విని వదులుకుంటే నష్టం మనదే.

మన రోడ్డు మీద పరీక్ష

అమ్మేవారు సాధారణంగా మనల్ని ఖాళీ రోడ్డు మీద ఎనభై వేగంతో తిప్పి తీసుకువస్తారు. ఈ గేరు బాక్సుకు అది పరీక్షే కాదు. ఆ వేగంలో ఏ లోపమూ బయటపడదు. కనీసం అరగంట కారు మన చేతిలో ఉండాలి. ముందు ఇంజనూ గేరు బాక్సూ బాగా వేడెక్కే వరకు నడపాలి. ఆ పైన యానాం బజారులో రద్దీ వేళ ప్రవేశించి, బ్రేకు మీద నుండి కాలు తీసి, యాక్సిలరేటర్ తాకకుండా నడక వేగంతో పోనివ్వాలి. ఆగాలి, కదలాలి, మళ్ళీ ఆగాలి. ఇలా పది నిమిషాలు చేస్తే లోపల జబ్బున్న క్లచ్ సీటు కింద నుండే తెలుస్తుంది. తరువాత ఇరవై, ముప్పై వేగంలో యాక్సిలరేటర్‌ను అతి తేలికగా నొక్కుతూ ఒకటి నుండి మూడు గేర్ల వరకు పోనివ్వాలి. గట్టిగా తొక్కితే వణుకు కప్పబడిపోతుంది. బేరగాళ్ళకు ఈ సంగతి తెలుసు.

మన ప్రాంతం బల్లపరుపు. ఎత్తు కావాలంటే గౌతమి మీది ఎదుర్లంక వంతెన తప్ప గతి లేదు. జన సంచారం లేని పొద్దుటివేళ, వెనుక వాహనం లేదని చూసుకుని, వంతెన ఎక్కే చోట ఒకసారి ఆపి కదిలించి చూడాలి. వెనక్కు ఎంత జారింది, కదలడానికి ఎంత తటపటాయించింది అన్నది గమనించాలి. తరువాత ఒకచోట ఇంజను ఆపి, ఐదు నిమిషాలు ఉండి, వేడి మీద స్టార్టు చేసి డి లోను ఆర్ లోను వేయాలి. గేరు పడటానికి ఆలస్యమైతే, డయలు మీద ట్రాన్స్‌మిషన్ హెచ్చరిక ఏదైనా వెలిగితే, ఆ పూట బేరం ఆపి ఇంటికి పోవడం మంచిది.

స్కానర్ పెట్టించడం మరువవద్దు. గేరు బాక్సు కంప్యూటర్‌లో పాత తప్పుల జాడ ఉంటుంది. అమ్మేముందు వాటిని చెరిపివేయడం నిమిషం పని. అందుకే నడిపి వచ్చిన తరువాత చూడాలి, ముందు కాదు. సర్వీసు చరిత్రలో క్లచ్‌గాని టి.సి.ఎం.గాని మార్చినట్లు ఉంటే భయపడనక్కరలేదు. బిల్లు చూపించి, ఎన్ని కిలోమీటర్ల వద్ద మార్చారో చెప్పగలిగితే ఆ బండి ఏమీ మార్చని బండి కంటే మేలు కూడా కావచ్చు. ఈ క్లచ్ జతను విప్పడానికి ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. బిగించిన తరువాత కంప్యూటర్‌కు కొత్త క్లచ్‌ను పరిచయం చేయాలి. మన రోడ్డు పక్క షెడ్డులలో అద్భుతమైన చేతిపని గలవారు ఉన్నారు గాని, ఇది చేతిపని ఒక్కదానితో తీరేది కాదు. ఈ పని తెలిసిన వర్కుషాపు మన ఊరికి ఎంత దూరంలో ఉంది, అక్కడికి లారీ మీద తీసుకుపోవడానికి ఎంతవుతుంది అని ముందే విచారించి, ఆ సొమ్మును కారు ధరకు కలిపి చూడండి. చవక ఎంత చవకో అప్పుడు తెలుస్తుంది.

ఇప్పటికే ఇటువంటి కారు ఇంట్లో ఉన్నవారు ఒక అలవాటు చేసుకుంటే ప్లేట్లు కొంత కాలం ఎక్కువ వస్తాయి. ముందున్న లారీ అడుగు జరిగినప్పుడల్లా మనమూ అడుగు జరగకుండా, బ్రేకు పూర్తిగా నొక్కి ఉంచి, రెండు కారుల ఖాళీ ఏర్పడిన తరువాత కదలాలి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో కారును నిలబెట్టరాదు.

చేతి గేర్ల బండి కొనేవారికి

ఇంతకూ మన పల్లెలలో ఎక్కువగా కొనేది చేతి గేర్ల బండ్లనే. వాటి జబ్బులు పాతవి, తెలిసినవి. కొన్నేళ్ళ క్రితం నేను ఒక చిన్న కారు కొన్నాను. ఏ కంపెనీదన్నది అప్రస్తుతం. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే ముందు చక్రం దగ్గర టక్ టక్ మని చప్పుడు. టైరు గాళ్ళలో రాయి ఇరుక్కుందని అమ్మినాయన చెబితే నమ్మాను. నెల తరువాత తాళ్ళరేవు రోడ్డులోని ఒక షెడ్డులో జాకీ ఎత్తి చూపించారు. యాక్సిల్ చివర కీలును కప్పి ఉంచే రబ్బరు బూటు చుట్టూ చీలిపోయి ఉంది. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి, ఎండి, నల్లగా అట్ట కట్టింది. "గ్రీజు ఎప్పుడో వెళ్ళిపోయిందండి మాస్టారూ, ఇసుక ఒక్కటే మిగిలింది" అన్నాడు మెకానిక్. బూటు చీలిన నాడే మారిస్తే చిన్న ఖర్చు. కీలు అరిగే వరకు ఉంచితే యాక్సిల్ మొత్తం మార్చాలి. నేను మార్చవలసి వచ్చింది. అప్పటి నుండి పాత కారు దగ్గరికి పోతే ముందు నేల మీద కూర్చుని చక్రాల లోపలి వైపు చూస్తాను. నవ్వేవారిని నవ్వనిస్తాను.

క్లచ్ జారుతున్నదా అన్నది తెలుసుకోవడం ఇంకా తేలిక. మూడో, నాలుగో గేరులో నలభై వేగంతో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కాలి. ఇంజను అరుపు పెరిగి వేగం దానితోపాటు పెరగకపోతే ప్లేటు అరిగిపోయినట్లే. క్లచ్ నొక్కినప్పుడు మాత్రమే గరగర వినిపిస్తే రిలీజ్ బేరింగు. గేరు వేసిన తరువాత దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తే గేరు బాక్సు లోపలే అరుగుదల ఉన్నది, ఆ బండిని వదలండి. ఈకో, బొలెరో వంటి వెనుక చక్రాలతో నడిచే బండ్లలో అడుగున పొడవైన షాఫ్టు ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ నొక్కినప్పుడు ఠంగుమంటే దాని కీళ్ళు వదులైనట్లు.

2022 జూలై వరద జ్ఞాపకం ఉండే ఉంటుంది. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. యానాం వీధులలో, కోనసీమ లంకలలో నీరు నిలిచింది. గేరు బాక్సు మీద గాలి పోవడానికి సన్నని గొట్టం ఉంటుంది. కారు నీటిలో నిలిచిపోతే ఆ దారిన నీరు లోపలికి చేరుతుంది. సీటు గుడ్డలు మార్చవచ్చు, లోపల అత్తరు కొట్టవచ్చు. గేరు ఆయిలు మాత్రం అబద్ధం చెప్పదు. నీరు కలిసిన ఆయిలు పాలు ఎక్కువైన కాఫీలా ఉంటుంది. ఆయిలు మార్చి అమ్మేవారూ ఉన్నారు గనుక, సీటు పట్టాల కింద, డిక్కీలో స్టెప్నీ గుంత అడుగున ఒండ్రు మట్టి ఉందేమో చూడండి. గోదావరి ఒండ్రు అంత సులభంగా పోదు. రొయ్యల చెరువుల మీద తిరిగిన బండ్లకు ఉప్పు చెమ్మ వలన అడుగు భాగం తుప్పు పట్టడం మరొక సంగతి.

కాగితాలు, ఫిర్యాదు

పి.వై. 04 బండిని ఆంధ్రాలో ఉండేవారు కొంటే, యానాం రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం, అనగా ఫారం 28 తీసుకోవాలి. 12 నెలలకు మించి అక్కడే ఉంచేటట్లయితే ఆంధ్రా నంబరు తప్పనిసరి. అక్కడి జీవితకాల పన్ను కూడా లెక్కలో వేసుకోవాలి. యానాంలో చవకగా వచ్చిందనుకున్న బండి ఈ పన్నుతో చవక కాకుండా పోవచ్చు. ఏ.పి. బండిని ఇటు తెచ్చేవారికీ ఇదే దారి, దిశ మాత్రం వేరు.

కొన్న తరువాత దాచిన లోపం బయటపడితే ఎవరిని అడగాలి? వ్యాపారి దగ్గర కొన్నవారు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. పక్కింటాయన దగ్గర నేరుగా కొన్నదైతే సివిల్ కోర్టు తప్ప మార్గం లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు అమ్మినవారు ఉన్న చోట, లేదా వ్యవహారం జరిగిన చోట దావా వేయవలసి ఉండేది. ఇప్పుడు ఫిర్యాదుదారు నివసించే చోటనే వేయవచ్చు. సరిహద్దు ఊళ్ళవారికి ఇది పెద్ద వెసులుబాటు. యానాంలోని వ్యాపారి దగ్గర కారు కొన్న ఇంజరం వారు పుదుచ్చేరి పరుగెత్తనక్కరలేదు, కాకినాడలో వేస్తే చాలు. కొన్న ధర 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. 2 సంవత్సరాలలోపు ఫిర్యాదు చేయాలి. అప్పుడు చూపించవలసినవి రసీదు, అమ్మినవారు గేరు బాక్సు గురించి రాసి ఇచ్చిన మాట, మెకానిక్ రాసిన చీటీ, స్కానర్ తీసిన కాగితం. నోటి మాటగా చెప్పినది ఏదైనా ఉంటే, డబ్బు ఇచ్చేముందే దానిని ఫోనులో సందేశంగా రాయించుకుని ఉంచుకోండి.